ఉత్తరం కిటికీ పక్క స్టూలు

లిఫ్టు మెకానిక్ ముందుగది నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, టేపు పరిచి, రెండు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టాడు. ఆ సుద్ద ఆయన భార్యది. బట్టల మీద గీతలు గీసుకునే బిళ్ళ, అరిగిన సబ్బుముక్కలా అంచులు పలచబడి ఆమె వేళ్ళకి అలవాటైపోయింది. ఆయన అడిగి తీసుకోలేదు. అడిగితే ఇచ్చేదే.

"ఇక్కడొకటి, అక్కడొకటి," అన్నాడు. "మధ్యలో వెనక్కి నా కుర్చీ. ఇంక ఈ గదిలో వేరే ఏదీ ఉండకూడదు."

వేరే ఏదీ అంటే కుట్టుమిషను, దాని స్టూలు, గోడ పొడుగునా ఉన్న గుడ్డల ర్యాకు. ఆ ర్యాకులో కుట్టాల్సిన మూటలు, కుట్టేసిన మూటలు, లాడ్జివాళ్ళు ఇచ్చిన బరువైన కర్టెన్ల తాన్లు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన ముక్కల సంచులు. పదిహేడేళ్ళుగా ఆమె ఉత్తరం కిటికీ పక్కన కూర్చుని ఆ గదిలోనే కుడుతోంది. వీధి వీధంతా ఆమెని టైలరమ్మ అనే అంటుంది.

"మరి నా పని?" అంది.

"వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవా ఉందిగా. బల్బు పెడతాను. పెద్ద బల్బే పెడతాను."

పెద్ద బల్బు అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత దాతృత్వం కనిపించిందంటే, కోపం రావాల్సిన చోట ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు.

చెడ్డవాడేం కాదు. పాటంటే చెవి కోసుకుంటాడు. లిఫ్టు గుంటలో నిలబడి, పైన ఎన్నో అంతస్తు దగ్గర చక్రం అరిగిందో చప్పుడుని బట్టి చెప్పగలడు. అదే చెవి ఇంట్లో మాటలకి మాత్రం అంతగా పనిచెయ్యదు. నేలమీద నిలబెట్టే పెద్ద స్పీకర్లు కొనుక్కుని, వాటి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవాలన్నది ఆయన చిరకాలపు కోరిక. కొత్తవి తాహతుకి మించినవి, అందుకని వాడినవి కొందామని నెలరోజులుగా కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరుగుతున్నాడు. ఒక ఇంట్లో స్పీకరు లోపలి కాగితపు కోను చిరిగి టేపు అంటించి ఉంది. ఇంకో ఇంట్లో వేలితో ముట్టుకోగానే కోను చుట్టూ ఉన్న నురుగంచు పిండిలా రాలింది. మరో ఇంట్లో రెండు పెట్టెల నంబర్లూ కలవలేదు, అవి పుట్టుకతో జత కాదు.

ఆ శుక్రవారం సాయంత్రానికి గది ఖాళీ అయింది. ర్యాకు విప్పి నడవాలోకి చేర్చారు, మిషనుని చెరోవైపు పట్టుకుని మోశారు. చివరికి టైలరమ్మ కత్తెర తీసుకెళ్దామని వచ్చింది. చేతిలో ఉన్న దారం కొసని అలవాటుగా కత్తిరించింది. కిచ్‌మన్న చప్పుడు గోడకి తగిలి, ఎవరో పక్కనుంచి ఇంకోసారి కత్తిరించినట్టు వినపడింది.

"ఏవండీ, గది మోగుతోంది," అంది.

"ఖాళీ గది మోగదా మరి? స్పీకర్లు వస్తే అదే సర్దుకుంటుంది."

ఆమె కత్తెర తీసుకుని నడవాలోకి వెళ్ళింది.

శనివారం పొద్దున్న, స్పీకర్లు అమ్ముతానన్న ఒక లెక్కల మాస్టారింటికి వెళ్ళారు. టార్చి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని మెకానిక్ ఆమెని కూడా రమ్మన్నాడు. మాస్టారు పిల్లలకి లెక్కలు చెప్పడం మానేసి చాలాకాలమైంది గానీ, మాట చివర "అర్థమైందా?" అనడం మానలేదు. ఒంటరి మనిషి. చిన్న ఇంటికి మారుతున్నారు. అక్కడ పుస్తకాలైనా పడతాయి, పెట్టెలైనా పడతాయి, రెండూ పట్టవు. నాలుగు రోజులు ఆలోచించి పుస్తకాలు ఉంచుకున్నానన్నారు.

ఆ పుస్తకాలు మూడు గోడలూ కప్పేసి ఉన్నాయి. నేలమీద మందపాటి తివాచీ, దాని మీద ఎవరొచ్చినా లేవని పిల్లి. పిల్లికి అటూ ఇటూ ఛాతీ ఎత్తు పెట్టెలు రెండు, ముదురు గోధుమరంగు చెక్కవి.

మెకానిక్ పెట్టెల మొహాన ఉన్న గుడ్డ జాలీలు ఊడదీశాడు. ఆమె టార్చి వేసింది. ఆయన రెండు బొటనవేళ్ళూ కోను చుట్టూ ఆనించి, పిండి మెత్తబడిందో లేదో చూసినట్టు సమంగా లోపలికి నొక్కి, చెవి దగ్గర పెట్టి, గీసుకుంటున్న చప్పుడేమైనా ఉందేమో విన్నాడు. వెనక నంబర్లు చూశాడు, వరస నంబర్లే. స్క్రూలు ఎవరూ ముట్టుకోనివి. ఆయన మొహం వెలిగింది.

ఆమె చూసింది వేరు. చేతిలో ఉన్న గుడ్డ జాలీని వెలుతురుకి తిప్పింది. పాత గుడ్డ తీసేసి ఎవరో కొత్తది వేశారు. నేత నిలువుగా నిక్కచ్చిగా ఉంది, ఎక్కడా ఓరగా పోలేదు. అంచు చుట్టూ చేత్తో వేసిన వెనక్కుట్టు, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం వీసమెత్తు తేడా లేదు. ఒక మూల మాత్రం, దారం అయిపోయిందేమో, నాలుగు కుట్లు బూడిదరంగు దారంతో ఉన్నాయి.

"ఇదెవరు కుట్టారండీ?" అంది.

"నేనేనమ్మా. పిల్లి చీరేసింది. మూడుసార్లు విప్పి కుట్టాను. నల్లదారం చాల్లేదు, ఆ మూల చూడకండి."

ఆమె ఆ మూలనే ఇంకాసేపు చూసింది. ఎవరూ చూడని చోట, జాలీ లోపలివైపు, మూడుసార్లు విప్పి కుట్టిన మనిషి. అలాంటి పనివాళ్ళు ఆమెకి నచ్చుతారు.

పాట పెట్టే ముందు మాస్టారు తన పడకకుర్చీ ఆమెకి చూపించారు. "ముందు మీరు కూర్చోండమ్మా."

"అబ్బే, నాకెందుకండీ, ఆయన వింటారు," అంది టైలరమ్మ. అనేశాక, ఎందుకన్నానా అనిపించింది. అప్పటికే మెకానిక్ కూర్చున్నాడు.

పాట మొదలైంది. పాడుతున్నది ఒక ఆడగొంతు. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక కూడా వెంటనే లేవలేదు. "ఆవిడ నా ముందే నిలబడి పాడిందోయ్," అన్నాడు భార్యతో. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్కడికి కూడా బాగానే వినపడింది.

మధ్యాహ్నానికి పెట్టెలు బండెక్కాయి. ఎక్కించేటప్పుడు మాస్టారు వాటి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడ్డారు.

ఇంటికొచ్చాక మెకానిక్ పెట్టెల్ని కిటికీకి అటూ ఇటూ, సుద్ద గుర్తుల మీద నిలబెట్టాడు. పైన రసమట్టం పెట్టి నీటిబుడగ మధ్యకి వచ్చేదాకా కింద అట్టముక్కలు తోశాడు. తీగలు బిగించాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చుని, అదే పాట పెట్టాడు.

నడవాలో ఉన్న టైలరమ్మకి మొదటి చరణంలోనే తెలిసిపోయింది. గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మద్దెల దెబ్బ పడ్డచోట ఆగక, గదంతా దొర్లి, తర్వాతి దెబ్బ మీదకి ఎక్కుతోంది. తాళాలైతే పళ్ళు జివ్వుమనేలా ఉన్నాయి.

పాట ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది.

ఆదివారమంతా అదే వరస. పెట్టెలు గోడకి దగ్గరగా, గోడకి దూరంగా, కాస్త లోపలికి తిప్పి, తిన్నగా చేసి, కుర్చీ ముందుకి, కుర్చీ వెనక్కి. నేల నిండా సుద్ద గుర్తులే. సుద్దబిళ్ళ సగమైంది. సోమవారం నుంచి ఆయన సెలవు పెట్టాడు. మంగళవారం పొద్దున్నకి కుర్చీలో కూర్చోవడం మానేసి, పెట్టెల ముందు నిలబడి వాటికేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు. 

ఆమెకి కారణం తెలుసు. శుక్రవారమే తెలుసు. గుడ్డల మధ్య బతికిన మనిషి ఆమె. తాన్లు నిండుగా ఉన్నప్పుడు ఆ గదిలో మాటెలా పడేదో, కర్టెన్లు పట్టుకెళ్ళిపోయిన రోజున మాటెలా తేలిపోయేదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడా ర్యాకంతా నడవాలో, ఆమె వీపుకి ఆనుకుని, మనిషి తిరగడానికి చోటు లేకుండా నిలబడి ఉంది. చెప్పొచ్చు. ఒకసారి చెప్పింది కూడా. రెండోసారి చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. గుడ్డలు తెమ్మంటాడు, గుడ్డల మనిషిని రమ్మనడు. అందుకని నోరు కట్టేసుకుని కూర్చుంది. అందులో కొంచెం కసి కూడా ఉంది. లేదంటే అబద్ధం.

ఆ మంగళవారమే నర్సమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఆసుపత్రిలో పనిచేస్తుంది. యూనిఫారం ప్యాంట్లు రెండింటికీ కిందంచులు మడిచి కుట్టమని ఆదివారం ఇచ్చి వెళ్ళింది. ఆ పొద్దున్న పట్టుకెళ్ళిన గంటకే తిరిగొచ్చింది.

"టైలరమ్మా, నువ్వేనా ఇది కుట్టింది?" అంటూ ప్యాంటుని వీధి గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి లాగింది.

ముదురు నీలం గుడ్డ మీద నల్లదారం, అంచు పొడుగునా. పెద్ద బల్బు కింద ఆ రెండు రంగులూ ఒక్కలాగే ఉన్నాయి. టైలరమ్మకి చెంపలు వేడెక్కాయి. పదిహేడేళ్ళలో దారం రంగు తప్పడం ఇదే మొదటిసారి. పసుపుబల్బుని అంటే ఏం లాభం, కుట్టింది తన చెయ్యి.

"విప్పి మళ్ళీ కుట్టి, ఎల్లుండిస్తాను," అంది.

"నువ్వు కిటికీ దగ్గర్నుంచి ఎందుకు లేచావు?" అంది నర్సమ్మ, గదిలోకి తొంగి చూసి. "ఈ నిలువు పెట్టెలేంటి, బీరువాలా?"

"పాటలొస్తాయట."

"అలాగైతే అటకెక్కించొచ్చుగా," అని నర్సమ్మ నవ్వుతూ వెళ్ళిపోయింది. టైలరమ్మకి నవ్వు రాలేదు. స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టింది.

అప్పుడే ముందుగదిలోంచి ఫోను మాటలు వినపడ్డాయి.

"నేను చెవిటివాణ్ణి కాదు మాస్టారూ. మీ ఇంట్లో విన్నది ఇది కాదు... అదే పాటండీ, అదే పాట... అది కాదు, సూటిగా అడుగుతున్నాను. నాకు వినిపించినవీ బండెక్కించినవీ ఒకటేనా? నేను తాడు కోసం బయటికెళ్ళినప్పుడు..." కొంచెం ఆగాడు. "చదువుకున్నవాళ్ళు, పెద్దవాళ్ళు, ఇలా చేస్తారనుకోలేదు."

టైలరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఆ నాలుగు బూడిదరంగు కుట్లు కళ్ళముందుకొచ్చాయి. మూడుసార్లు విప్పి కుట్టిన మనిషి ఫోను అవతల ఆ మాట పడ్డాడు. తను ఇవతల, నిజం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లేచి వెళ్దామనుకుంది. ఫోను పెట్టేసిన చప్పుడైంది. వెళ్ళలేదు. ఆ సాయంత్రమంతా తనమీద తనకే చిరాకేసింది.

బుధవారం మధ్యాహ్నం మాస్టారే వచ్చారు. బస్సు దిగి నడుచుకుంటూ, చేతిసంచితో, ఇస్త్రీ చొక్కాతో. గుమ్మంలో చెప్పులు విప్పి, రెండూ సరిగ్గా పక్కపక్కన పెట్టారు. లోపలికొచ్చి పెట్టెలకేసి చూశారు, మెకానిక్‌కేసి చూడలేదు.

"బండి మాట్లాడాను. నాలుగింటికి వస్తుంది. ఇవి నేను తీసుకుపోతాను. మీరిచ్చిన డబ్బు సంచిలో ఉంది," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది, సంచి మాత్రం కింద పెట్టలేదు. "నలభయ్యేళ్ళు బోర్డు మీద రాసింది పిల్లల ముందు తప్పని తేలితే చెరిపేసి మళ్ళీ రాశాను. దాచలేదు. ఈ వయసులో పెట్టెలు మార్చానని అనిపించుకోలేను."

మెకానిక్ ఇబ్బందిగా కదిలాడు. "మీరే వినండి, మాస్టారూ. మీరే చెప్పండి," అని పాట పెట్టాడు.

మాస్టారు విన్నారు. మొహం పాలిపోయింది. "ఇవి... ఇలా పాడవే," అన్నారు. ఆయనకే తన పెట్టెల మీద నమ్మకం పోతోందని టైలరమ్మకి నడవా మొగలోంచి కనపడింది.

ఇంక ఆగలేకపోయింది. లోపలికొచ్చి, ఎడమ పెట్టె ముందు కూర్చుని, జాలీ ఊడదీసి లోపలివైపు భర్తకి చూపించింది.

"ఈ మూల నాలుగు కుట్లు బూడిదరంగు. శనివారం మాస్టారింట్లో నా చేతిలో ఉన్నది ఇదే. గుడ్డ విషయంలో నేను పొరబడను. అవే పెట్టెలు."

"మరి ఈ మోతేంటి?"

"చెప్పానుగా శుక్రవారం."

ఆమె లేచి నడవాలోకి వెళ్ళింది. లాడ్జి కర్టెన్ల తాను ఒకటి భుజానికెత్తుకుని వచ్చి, ర్యాకు ఉండే గోడకి నిలబెట్టింది. వెళ్ళి ఇంకోటి తెచ్చింది. ముక్కల సంచులు మూలల్లో పడేసింది. పాట సాగుతూనే ఉంది. మూడో తానుకి మాస్టారికి విషయం అర్థమై, తనూ సంచి కింద పెట్టి, మూటలు మోయడం మొదలుపెట్టారు. మెకానిక్ మాత్రం గది మధ్యలో, లిఫ్టు గుంటలో నిలబడ్డట్టు తల కాస్త వంచి నిలబడ్డాడు. ఒక్కో మూట పడేకొద్దీ మద్దెల దెబ్బ కొంచెం కొంచెంగా దొర్లడం మాని, పడ్డచోట పడుతోంది. తాళాల పదును తగ్గింది. చివరి తాను గోడకి ఆనేసరికి ఆ గొంతు డబ్బాలోంచి బయటికొచ్చి గదిలో నిలబడింది.

పాట అయిపోయింది. ఎవరూ మళ్ళీ పెట్టలేదు.

"నా ఇంట్లో పుస్తకాలు," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "తివాచీ. నాకు తట్టనే లేదు. ఆ గదిలో తప్ప ఇంకెక్కడా నేను వీటిని విన్లేదు."

మెకానిక్ చొక్కా గుండీ తడుముకున్నాడు. "మాస్టారూ, నోరు జారాను. పెద్ద మాటనేశాను," అన్నాడు. మాస్టారి సంచి తీసి ఆయన చేతికిచ్చాడు. మాస్టారు తల ఊపారు. అంతకన్నా పొడుగైన క్షమాపణ ఆయనకీ అక్కర్లేకపోయింది. బండివాడికి రావద్దని ఫోను చేశారు.

మెకానిక్ గోడవారనున్న తాన్లని చూసి, భార్యతో అన్నాడు. "సరే, ఇవన్నీ ఇక్కడే ఉండనీ. ర్యాకు మళ్ళీ బిగించేస్తాను."

"ఉండవు," అంది ఆమె. "గుడ్డలెక్కడుంటే మిషనక్కడ. లాడ్జివాళ్ళ కర్టెన్లు కుట్టాలా, నీ పాటకి కాపలా పెట్టాలా?" ఆయన్ని నువ్వు అనడం ఆమెకి మామూలు కాదు, అనేసింది.

"మిషను చప్పుడులో పాటెలా వినను?"

"నేను కుట్టనప్పుడు వినండి. పదిహేడేళ్ళుగా ఆ చప్పుడులోనేగా పేపరు చదివారు."

మెకానిక్ మాస్టారికేసి చూశాడు, లెక్క తనవైపు తేలుస్తారేమోనని. మాస్టారు కిటికీకేసి, ఎదుటి గోడకేసి చూస్తున్నారు.

"మిషను కిటికీ దగ్గరికొస్తే పెట్టెలు ఎదుటి గోడకి పోవాలి. కిటికీ అద్దాల పక్కన అవెలాగూ ఉండకూడదు," అన్నారు. "అమ్మా, దారం ఉందా?"

ఆమె ఎర్రదారం ఉండ ఇచ్చింది. మగవాళ్ళిద్దరూ పెట్టెల్ని ఎదుటి గోడకి మూడడుగులు ఎడంగా, వాటి మధ్య ఎనిమిదడుగులు ఉండేట్టు జరిపారు. మిషనూ స్టూలూ కిటికీ పక్కకి తిరిగొచ్చాయి. మాస్టారు ఒక్కో పెట్టె నుంచీ ఎనిమిదడుగుల దారం కొలిచి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, దారాలు బిగిసేదాకా వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. కొసలు కలిశాయి. ఆయన మోకాలికి ఏదో తగిలింది. వంగి చూశారు. టైలరమ్మ స్టూలు.

"మూడు భుజాలూ సమానం. వినేవాళ్ళు కూర్చోవాల్సింది ఇక్కడ," అన్నారు. "అర్థమైందా?"

మెకానిక్‌కి అర్థమైంది. చాలాసేపు ఆ స్టూలుకేసి చూశాడు.

"ముందు మీరు కూర్చోండమ్మా," అన్నారు మాస్టారు.

ఈసారి ఆమె అబ్బే అనలేదు. స్టూలు పెట్టెలవైపు తిప్పుకుని కూర్చుంది. పాట మొదలైంది. కొన్ని వందలసార్లు విన్న పాటే. గిన్నెలు తోముతూ, నీళ్ళు పడుతూ, పక్కగదిలోంచి విన్నది. పల్లవికి ముందు ఆ పాడే మనిషి ఊపిరి తీసుకుంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. చిన్నగా, సూదిలో దారం ఎక్కించే ముందు తను తీసుకునేలాంటి ఊపిరి. ఆమెకి చాలా సంతోషం కలిగింది. ఆ వెనకే, ఇది ఇన్నాళ్ళూ తనదాకా రాలేదని కోపం కూడా వచ్చింది. రెండిటినీ అలాగే ఉండనిచ్చి పాట చివరిదాకా వింది.

"ఎలా ఉంది?" అన్నాడు మెకానిక్. నెలరోజుల్లో ఆయన ఆ ప్రశ్న ఆమెనడగడం అదే మొదలు.

"బాగుంది," అంది. "మీరూ కూర్చోండి. ఐదింటికల్లా పాట ఆపాలి, నర్సమ్మ ప్యాంట్లున్నాయి."

మర్నాడు పొద్దున్న ఆయన డ్యూటీకి వెళ్ళే ముందు మిగిలిన సుద్దముక్కతో స్టూలు నాలుగు కాళ్ళ చుట్టూ గుర్తులు పెట్టాడు. "దీన్ని కదపకు. అంగుళం తేడా వచ్చినా పాడైపోతుంది," అన్నాడు.

ఆమె నర్సమ్మ రెండో ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీలం దారం, నల్లదారం పక్కపక్కన పట్టుకుని చూసింది. వెలుతురు సరిపోలేదు. లేచి, స్టూలుని గుర్తుల మీంచి తీసి, కిటికీ వైపు జానెడు జరిపింది. పాత గుర్తుల్ని పాదంతో తుడిచేసింది. మళ్ళీ కూర్చుని చూసింది. ఇప్పుడు నీలం నీలంగా ఉంది.

మెకానిక్ నోరు తెరిచాడు. స్టూలు చూశాడు, ఆమెని చూశాడు. నోరు మూసుకుని, భుజాన ఉన్న పనిముట్ల సంచి దించాడు. అందులోంచి టేపు తీసి, ఎదుటి గోడ దగ్గరికి వెళ్ళి, ఎడమ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని జానెడు ముందుకి జరిపాడు. తర్వాత కుడిపెట్టె దగ్గరికి వెళ్ళాడు.

ఆమె సూదిలో నీలం దారం ఎక్కించి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.